మట్టి వద్దన్న రోజు

ఇప్పుడు మీరు వేలికి సూది గుచ్చి, రక్తపు చుక్కను మిషన్‌కు చూపిస్తే అంకె పలికేస్తుంది. మా రోజుల్లో అలా కాదు. సన్నటి గాజు గొట్టంలో కొంచెం ఆసిడ్ పోసి, అందులో రక్తం వదిలితే అది కాసేపటికి మడ్డి రంగుకు తిరిగేది. అప్పుడు డాక్టరమ్మగారు కిటికీ దగ్గర నిలబడి, ఒక కన్ను మూసుకుని, పక్కనున్న రంగు గాజుతో సమానమయ్యేదాకా చుక్కచుక్కగా నీళ్ళు కలిపేవారు. నీళ్ళు ఎక్కువ పట్టాయంటే రక్తం బాగున్నట్టు. రెండు చుక్కలకే వెలిసిపోయిందంటే ఆ మనిషికి గండం ఉన్నట్టు. ఆవిడ మొహం చూస్తే చాలు, గొట్టంలో ఏముందో మాకు తెలిసిపోయేది.

నేను కాన్పుల వార్డులో ఆయాను. మా ఆయన గోగునార మిల్లులో పనిచేస్తూ పోయాడు. ఆయన పోయాక ఇద్దరు పిల్లల్ని చంకనేసుకుని ఆ ఆసుపత్రి గుమ్మం ఎక్కాను. నెల్లిమర్ల దగ్గరే అనుకోండి. ఏ ఆసుపత్రి, ఏ డాక్టరు అని మాత్రం అడగొద్దు. పోయినవాళ్ళు పోయారు, ఉన్నవాళ్ళకి మనవలున్నారు. ఎవరి పేరూ చెప్పను. నా చదువు సంతకం దాకానే. నేను చెబుతుంటే రాస్తున్న మా మనవరాలు నర్సు ట్రైనింగులో ఉంది. "తిట్లు తగ్గించు నానమ్మా" అంటోంది. చూద్దాం.

అరవైలు అయిపోతున్న రోజులు. వానలు వెనకబట్టాక ఒక పొద్దున ఎడ్లబండి మీద ఒక పిల్లను తెచ్చారు. ఏడో నెల కడుపు. దిగి నాలుగడుగులు వేసేసరికి గోడ పట్టుకుని నిలబడిపోయింది. ఊపిరి అందడం లేదు. డాక్టరమ్మగారు కంటి కింద రెప్ప లాగి చూస్తే లోపల ఉతికి ఆరేసిన గుడ్డలా ఉంది. నాలుక నున్నగా పాలిపోయి ఉంది. గోళ్ళయితే మధ్యలో గుంటలు పడి, చిన్న చిన్న గరిటెల్లా తయారయ్యాయి. వెంట వాళ్ళత్త ఉంది. సొంత మేనత్తే. తల్లి చచ్చిపోతే ఈవిడే పెంచి, కొడుక్కిచ్చి చేసుకుంది. కొడుకు మిల్లులో పని. ఈవిడ ఊరు కళింగపట్నం అవతల, వరీ చోళ్ళూ, అదే రాగులు, పండించుకునే సంసారం. కోడలికి నెలలు నిండుతున్నాయని చూడ్డానికి వచ్చి, ఉండిపోయింది.

డాక్టరమ్మగారు గొట్టం కిటికీకి ఎత్తి చూశారు. తర్వాత నీళ్ళ సీసా పక్కన పెట్టేశారు. ఇంక కలపడానికేం లేదు.

ఆవిడది గుంటూరు వైపు. కొత్తగా వచ్చారు, మా మాట ఆవిడకు సగమే అర్థమయ్యేది. కేకలేసే మనిషి, కానీ మనసు మంచిది. మా అందరినీ గుమ్మం బయటికి పిలిచి చెప్పారు.

"కాన్పులో ఏ ఆడదానికైనా కొంత రక్తం పోతుంది. ఉన్నవాళ్ళకు పోయినా ఫరవాలేదు. ఈ అమ్మాయి దగ్గర పోవడానికేం లేదు. ఎక్కించాలంటే విశాఖపట్నం పంపాలి."

అత్త ఆ మాట విన్నది. "యిశాపట్నమేటి తల్లీ? అక్కడికెల్లినోలు తిరిగొచ్చినారేటి? కోసీగల్రు. నానంపను" అని కొంగు బిగించింది. కొడుకు వచ్చి, తల్లి మాటకు తల ఊపి, షిఫ్టు టైమైందని వెళ్ళిపోయాడు.

"అయితే వినండి" అన్నారు డాక్టరమ్మగారు. "నొప్పులు వచ్చేలోపు ఈ పిల్లకు రక్తం పట్టాలి. అదొక్కటే దారి. ఇనుము మాత్రలు రోజూ మూడుపూటలా నీ కళ్ళముందు మింగించాలి, ఆయమ్మా. ఒక్క మాత్ర కిటికీలోంచి బయటికి పోయిందని తెలిసిందో, ఆ కిటికీలోంచే నువ్వూ పోతావు."

నాకు నవ్వూ వచ్చింది, భయమూ వేసింది. ఆ ఉద్యోగం పోతే నాకు ఇంకోటి లేదు.

ఇనుము మాత్ర అనగానే వార్డులో గొడవ మొదలైంది. బండి చక్రానికేసే ఇనుము మనిషికెందుకని. డాక్టరమ్మగారు ఆ వేళ ఓపిగ్గా మంచం మీద కూర్చుని చెప్పారు. రక్తంలో ఎరుపు పుట్టాలంటే ఇనుము ఉండాలట. ఆ ఎరుపే గాలిని మోసుకెళ్ళి ఒళ్ళంతా పంచుతుందట. ఒంట్లో ఉన్న ఇనుమంతా పోగేస్తే ఒక చిన్న ఇనప మేకుకు మించదట. ఎముకల్లోపల మూలుగలో కొత్త రక్తం తయారవుతుందట. పాత రక్తం చచ్చిపోతే అందులో ఉన్న ఇనుమును ఒళ్ళు పారేసుకోదట, ఏరి మళ్ళీ కొత్త రక్తానికి పెడుతుందట. కంసాలి పాత కడియాలు కరిగించి కొత్తవి చేసినట్టన్నమాట, అని నేనంటే ఆవిడ అవునన్నారు.

"కానీ కడుపులో బిడ్డ ఉంది చూశారూ, అది తల్లికి ఉందా లేదా చూడదు. తన వాటా ముందే లాగేసుకుంటుంది" అన్నారు.

మంచం మీంచి ఆ పిల్ల సన్నగా అంది: "ఆల నాన్న పోలికే."

వార్డంతా నవ్వింది. అత్త కూడా నవ్వింది. "నా కొడుకునేటంటావే గుంటా" అంటూ దాని కాళ్ళు ఒళ్ళో పెట్టుకుని నొక్కసాగింది. ఆ ఇద్దరినీ చూస్తే నాకు ముచ్చటేసేది. కన్నతల్లి కూడా అంత చెయ్యదు.

సరే, మాత్రలు మొదలుపెట్టాం. నేను నీళ్ళ చెంబు పట్టుకుని ఎదురుగా నిలబడేదాన్ని. మింగాక నోరు తెరిపించి, నాలుక ఎత్తించి చూసేదాన్ని. అంతకన్నా గట్టి సాక్ష్యం ఇంకోటుంది. ఇనుము మాత్ర లోపలికి వెళ్తే దొడ్డికి నల్లగా వస్తుందని, అది చూసి చెప్పమని డాక్టరమ్మగారే నాకు చెప్పారు. బెడ్‌పాను ఎత్తే పని నాదే కదా. మా మనవరాలు ఇక్కడ మొహం ముడుచుకుంటోంది. ముడుచుకో తల్లీ, రేపు నువ్వూ ఎత్తుతావు.

నల్లగానే వచ్చింది. తారులా ఉంది. పరిగెత్తుకెళ్ళి చెప్పాను. "బొగ్గులా ఉందమ్మగోరూ!" ఆవిడ మొహం వెలిగిపోయింది. నేనైతే బంగారం దొరికినట్టు సంబరపడ్డాను.

కొన్నాళ్ళు పోయాక మళ్ళీ గొట్టం తీశారు. కిటికీ దగ్గర ఆవిడ వీపు కనిపిస్తోంది. తిరగడం లేదు. నర్సమ్మ వెళ్ళి పక్కన నిలబడింది.

"రక్తం ఒక్క గీత కూడా పెరగలేదు" అన్నారు డాక్టరమ్మగారు. తర్వాత నా వైపు తిరిగారు. ఆ చూపు నేను మర్చిపోలేను. "మింగించావా?"

"మీ పాదాల మీదొట్టు అమ్మగోరూ. నలుపు మీరే సూసారు గదా."

అది నిజం. రెండుసార్లు ఆవిడే స్వయంగా వచ్చి చూశారు. కడుపులో రక్తం తాగే పురుగులున్నాయేమోనని పరీక్ష చేయించారు. లేవు. మాత్రల డబ్బా పాతదేమోనని కొత్త డబ్బా తెప్పించారు. లోపలికి పోతోంది, మరి ఎక్కడికి పోతోంది? ఆవిడ రాత్రిళ్ళు లావుపాటి పుస్తకాలు చదువుతున్నారని ఇంట్లో పనిచేసే మనిషి చెప్పింది. పిల్లకు పొట్ట పెరుగుతోంది, పాదాలు వాస్తున్నాయి. మంచం మీంచి లేచి కూర్చుంటేనే గుండె దడదడలాడి మెడ దగ్గర కొట్టుకోవడం కనిపించేది.

ఇప్పుడొక సంగతి చెబుతాను. ఆ వార్డులో డాక్టరమ్మగారికి తప్ప అందరికీ తెలిసిన సంగతి. రోజూ సాయంత్రం అత్త అడ్డాకులో ఒక పొట్లం తెచ్చేది. పుట్టమన్ను. పెనం మీద ఎర్రగా కాల్చి, పైన నీళ్ళు చిలకరించి తెచ్చేది. తొలకరి వానకు నేల వాసన వస్తుంది చూడండి, పొట్లం విప్పితే వార్డంతా ఆ వాసన. ఆ పిల్ల పకోడీలు తిన్నట్టు కరకరా తినేది.

"అప్పా, ఒక్క ముక్కిలగియ్యి" అని పక్క మంచం చెయ్యి చాపేది. మా వైపు అక్కను అప్ప అంటాం.

"ఇందమ్మా, నువ్వూ తిను. కడుపుతో ఉన్నోలకి నేదనకూడదు" అని అత్త ప్రసాదంలా పంచేది.

మాలో ఎవరూ దాన్ని వింతగా చూడలేదు. ఎందుకు చూస్తాం? నేను నా ఇద్దరి కడుపుతోనూ తిన్నాను. మా అమ్మ నా కడుపుతో గోడ గీరుకుని తిన్నదట. నర్సమ్మది బొబ్బిలి వైపు. ఆవిడకు పెళ్ళి కాలేదు గానీ బడిలో ఉన్నప్పుడు బలపాలు కొరికి దెబ్బలు తిన్నానని తనే చెప్పేది. కడుపుతో ఉన్నది ఏది కోరితే అది పెట్టాలి. పెట్టకపోతే పుట్టిన బిడ్డకు చెవిలో చీము కారుతుంది. ఆవిడ తాంబూలం వేసుకుంటోందని, ఈవిడ మట్టి తింటోందని డాక్టరుకు ఎవరైనా చెబుతారా? అడిగితే చెప్పేవాళ్ళం. ఆవిడ "ఏం తింటున్నావమ్మా" అని రోజూ అడిగేవారు. అన్నం, పప్పు, అంబలి అని చెప్పేవాళ్ళం. మన్ను తిండి కాదు కదా మరి!

ఒకరోజు రౌండ్సులో ఆ పిల్ల నాలుక చూస్తూ డాక్టరమ్మగారు ఆగిపోయారు. పళ్ళ సందుల్లో ఎర్రటి రవ్వలున్నాయి.

"ఏమిటిది? ఏం తిన్నావ్?"

"మన్ను, అమ్మగోరూ" అంది పిల్ల. దాచుకోలేదు, తడబడలేదు. మజ్జిగ అన్నట్టే అంది.

"మన్నా?"

"అత్త తెస్తాది. బాగుంటాది."

డాక్టరమ్మగారు మెల్లిగా స్టూలు మీద కూర్చున్నారు. "రోజూనా? మాత్ర వేసుకున్నాకేనా?" పిల్ల తలూపింది. ఆవిడ వార్డంతా కలయజూశారు. "ఇది ఇక్కడ ఎవరెవరికి తెలుసు?"

నేను నేల చూపులు చూస్తున్నాను. నర్సమ్మ ట్రేలో దూది సర్దుతోంది. చివరి మంచం మీద ఒక ముసలావిడ కూతురికి తోడుగా ఉంది. ఆవిడే నోరు విప్పింది: "అందరికీ తెల్సు తల్లీ. నీకు తెల్దేటి?"

ఆవిడ కేకలేస్తారనుకున్నాం. వెయ్యలేదు. చాలా నెమ్మదిగా చెప్పారు, అదే ఇంకా భయం. మట్టి ఇనుమును కడుపులోనే పట్టేసుకుంటుందట. పేగు దాన్ని పీల్చుకోకముందే తనతో బయటికి ఈడ్చుకుపోతుందట. నలుపు చూసి మనం మురిసిపోయాం గానీ, నలుపంటే మందు కడుపులో దిగిందని మాత్రమే, రక్తంలో చేరిందని కాదు. "రక్తం తక్కువైనవాళ్ళకే ఈ మట్టి మీద యావ పుడుతుంది. తినేకొద్దీ రక్తం ఇంకా తగ్గుతుంది. ఇంత చదివి నేనొక్కసారి 'మట్టి తింటున్నావా' అని అడగలేదు" అన్నారు.

టైము పోయింది. ఎనిమిదో నెల దాటుతోంది. ఇంక మాత్రల్ని నమ్ముకుంటే కుదరదని, విజయనగరం నుంచి ఇనుము ఇంజక్షన్లు తెప్పించారు. కాఫీ డికాక్షన్‌లా ఉండేది ఆ మందు. తోలు పక్కకు లాగి, లోతుగా గుచ్చాలి, లేకపోతే మచ్చ పడుతుంది. పిల్ల దుప్పటి కొరుక్కుని పడుకునేది. అత్తకు పొట్లాలు బందు. గుమ్మంలో నన్ను కాపలా పెట్టారు.

అక్కణ్ణుంచి నాకూ ఆవిడకూ యుద్ధం.

"ఏటే, నువ్వేటి పెద్ద దొరసానివా? నా కోడలికి నాను పెట్టుకుంటే నీకేటి?"

"డాక్టరమ్మగోరి ఆర్డరప్పా. నానేటి సేసేది?"

"ఆవిడికేటి తెల్సు, మన దేసం మనిసి కాదు. నువ్వు తిన్నావా నేదా? నీ పిల్లలు సచ్చినారా?"

"తిన్నాను. బతికినారు. అలగని నీ కోడలి మొకం సూడప్పా, సున్నం కొట్టినట్టు నేదూ?"

"రేపు బిడ్డకి సెవిలో సీము కారితే నీ ఇంటికి తెచ్చి నీ ఒళ్ళో పడేస్తాను!"

"పడీయ్. పెంచుకుంటాను."

అయినా ఆవిడ ఆగే మనిషా? రవికలో పెట్టుకుని తెచ్చేది. ఒకరోజు సాయంత్రం నేను బకెట్టుకని వెళ్ళి వచ్చేసరికి ముక్క ఆ పిల్ల చేతిలో ఉంది. నేను అరవబోయాను. ఈలోపు పిల్ల దాన్ని మూతి దగ్గరకు తీసుకెళ్ళి, మొహం తిప్పేసుకుంది.

"థూ! ఏటత్తా ఇది, మన్ను కంపు కొడతాంది. నాకొద్దు."

నేను గెలిచాననుకున్నాను. అత్త మొహం చూశాను. ఆవిడ మొహంలో నెత్తురు చుక్క లేదు. ఆ ముక్క తిరిగి కొంగులో కట్టుకుని, ఒక్క మాట మాట్లాడకుండా కోడలి పొట్ట వైపే చూస్తూ కూర్చుంది. ఎన్నడూ నోరు మూయని మనిషి. నాకు అర్థం కాలేదు. ఓడిపోయిందిలే అనుకుని ఇంటికి పోయాను.

తెల్లారి డ్యూటీకి వచ్చేసరికి మంచం ఖాళీ. దుప్పటి మడతపెట్టి ఉంది.

"ఏదీ? ఎక్కడికెల్లినాది?"

పక్క మంచం ఆవిడ అంది: "అత్తా కోడలూ టేసనుకెల్లిపోనారు. ఆల ఊరెల్తారట. మొక్కుందట."

నడిచి! నాలుగడుగులు వేస్తే రొప్పే పిల్ల నడిచి వెళ్ళింది. ఆ ఊళ్ళో మంత్రసాని చేతిలో నొప్పులొస్తే ఏమవుతుందో నాకు తెలుసు. నేను కాన్పుల గదిలోకి పరిగెత్తాను. డాక్టరమ్మగారు ఇంకో కాన్పులో ఉన్నారు. చేతులు రెండూ లోపల, నుదుటి మీంచి చెమట కారుతోంది.

"అమ్మగోరూ, ఆ గుంటని అత్త లాక్కుపోనాది!"

"ఎందుకు? ఏం జరిగింది?"

"ఏమో అమ్మగోరూ. నిన్న మన్ను పెడితే కంపు అన్నాది, వద్దన్నాది. అప్పట్నుంచీ..."

ఆవిడ చటుక్కున తలెత్తారు. "వద్దందా? తనంతట తనే వద్దందా? పిచ్చిదానా, నాకు రాత్రే చెప్పొద్దూ! అది మంచి గుర్తు. ఒంటికి ఇనుము అందుతోంది. ఇనుము అందడం మొదలవగానే ముందు పోయేది ఆ యావే. పో, ఎలాగైనా తీసుకురా. నేను కదల్లేను."

మట్టి సంగతి మేం ఆవిడకు చెప్పలేదు. యావ పోతుందన్న సంగతి ఆవిడ మాకు చెప్పలేదు. మధ్యలో ఆ పిల్ల. పరిగెత్తుతుంటే నా బుర్రలో ఇదొక్కటే తిరుగుతోంది. అందుకే మీకు చెబుతున్నాను, మీకు మామూలనిపించింది కూడా డాక్టరు చెవిన వెయ్యండి. మీరు డాక్టర్లయితే, తర్వాత ఏం కాబోతోందో ఇంటి ముసలావిడకు ఒక ముక్క చెప్పండి.

నేను చేరేసరికి శ్రీకాకుళం రోడ్డు స్టేషను వైపు పోయే పాసింజరు ఇంకా రాలేదు. ప్లాట్‌ఫారం చివర గోనె మూటల మధ్య ఇద్దరూ కనిపించారు. పిల్ల మూటకు ఆనుకుని కళ్ళు మూసుకుంది. పెదాలు తెల్లగా ఎండిపోయి ఉన్నాయి. అత్త నన్ను చూసి లేచి, చెయ్యి పట్టుకుని దూరంగా లాక్కుపోయింది. కొడుతుందనుకున్నాను.

"దానికినబడేలా మాటాడకు. దానికి తెల్దు" అంది. "బిడ్డ పోనాది."

"ఏటంటన్నావప్పా?"

"మన్ను కోరేది ఇది కాదే, లోన బిడ్డ. బిడ్డ కోరడం మానీసినాది. నా రెండో కానుపుకీ ఇలగే. తిన్నన్నాళ్ళూ తిన్నాను. ఒక్కనాడు ఒద్దనిపించింది. తర్వాత సచ్చిన బిడ్డ పుట్టినాది. మీ డాక్టరమ్మకి తెలిస్తే పొట్ట కోసి తీస్తాది. ఇదీ పోతాది. మా మంత్రసాని సేతిలో పెడితే ఇదైనా దక్కుతాది నాకు. నన్నొగ్గీ, నీ కాల్లు పట్టుకుంటాను."

నిజంగానే వంగింది. నేను పట్టుకుని ఆపాను. డాక్టరమ్మగారు చెప్పిన మాట ఈవిడకు చెబితే నమ్ముతుందా?

"రేత్రి నుంచీ కదిలిందా?" అన్నాను.

"అడిగితే అనుమానిస్తాదని అడగనేదు. నాను సెయ్యేసి సూసినాను. కదల్నేదు."

ఒకవేళ ఈవిడన్నదే నిజమైతే?

స్టేషన్ బయట సోడా బండి ఉంది. చల్లటి తీపి కడుపులో పడితే బిడ్డ లేస్తుందని వార్డులో ఎన్నోసార్లు చూశాను. నీళ్ళతొట్టిలో ఉన్న కలరు సోడా ఒకటి తీయించి, గోళీ కొట్టించి తెచ్చాను. "తాగమ్మా, ఎండిపోనావు" అని పిల్లకు పట్టించాను. గుటకలు వేస్తూ తాగింది. అత్త చెయ్యి లాగి పిల్ల పొట్ట మీద పెట్టాను. నా చెయ్యి కూడా పక్కనే పెట్టాను.

"ఏటిలగ సూస్తన్నారు ఇద్దరూ?" అంది పిల్ల అయోమయంగా.

"ఏటీ నేదు, ఊరుకో."

ఏమీ లేదు. నిజంగానే ఏమీ లేదు. దూరంగా పొగ కనిపించింది. బండి వచ్చి ఆగింది. జనం దిగుతున్నారు, ఎక్కుతున్నారు, ఎవరో మమ్మల్ని తొక్కుకుంటూ పోయారు. ఆవిడ మూట ఎత్తుకోవడానికి చెయ్యి తీయబోయింది. నేను ఆ చెయ్యిని అదిమిపెట్టాను.

"ఉండప్పా. దేవుడా, ఒక్కసారి. ఉండు."

గార్డు ఈల వేశాడు. అప్పుడు తన్నింది. మా ఇద్దరి చేతుల కిందా, లోపల్నుంచి మడమతో పొడిచినట్టు. ఆగి, మళ్ళీ తన్నింది.

"ఎదవ గుంటడు, సోడా తాగి లేచినాడు" అంది పిల్ల పొట్ట పట్టుకుని.

బండి కదిలింది. అత్త దాన్ని చూడను కూడా లేదు. పొట్ట మీంచి చెయ్యి తీయకుండానే అడిగింది: "మరి... మన్నేల వద్దన్నాది?"

"ఆ బిడ్డడిగింది మన్ను కాదప్పా. ఇనుము. నోట మాట రానిది గదా, ఎలగడగాలో తెలక మన్నడిగినాది. ఇప్పుడు డాక్టరమ్మగోరు సూదిలో ఇనుమిచ్చినారు. కడుపు నిండినాది. నిండినోల్లు ఇంకా అడుగుతారేటి? కోరిక తీరిపోనాది."

ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది. "ఆ మాట ముందే సెప్తే నీ సొమ్మేటి పోనాదే?" అని నెత్తి మీద ఒక్కటి మొట్టింది. ఆ మొట్టికాయ నాకు ఇప్పటికీ తీపే. ముగ్గురం రిక్షాలో వెనక్కి వచ్చాం.

అంతటితో అయిపోలేదు. గొట్టంలో రంగు పెరిగింది, కానీ డాక్టరమ్మగారు అనుకున్నంత పెరగలేదు. ఆవిడ ఇంకొంచెం టైము కావాలంటుండగానే నొప్పులొచ్చేశాయి. మిట్టమధ్యాహ్నం. మిల్లు కూత వినిపిస్తోంది. మగబిడ్డ. గట్టిగానే ఏడ్చాడు. మాయ కూడా పడింది. హమ్మయ్య అనుకునేలోపు కింద గుడ్డ ఎర్రగా పరుచుకోవడం మొదలైంది.

"ఆయమ్మా, చెయ్యి ఇక్కడ! బొడ్డు కింద! గట్టిగా పట్టు, వదలొద్దు" అని అరిచారు డాక్టరమ్మగారు. నర్సమ్మ ఇంజక్షన్ చేసింది. నా అరచేతి కింద గర్భసంచి తడిపిన పిండిలా మెత్తగా ఉంది. గుండ్రంగా రుద్దుతూ నొక్కుతున్నాను. పిల్ల కళ్ళు తేలేస్తోంది. "పేరు పెట్టి పిలువు దాన్ని, నిద్రపోనివ్వకు" అన్నారు. గుమ్మం అవతల అత్త తలుపుకు నుదురు ఆనించి కొట్టుకుంటోంది, ఆ చప్పుడు వినిపిస్తోంది. నా చెయ్యి తిమ్మిరెక్కింది, భుజం పోయింది. ఎంతసేపో నాకు తెలియదు. ఉన్నట్టుండి చేతి కింద అది వెలగకాయలా బిగిసింది.

"బిగిసినాదమ్మగోరూ!"

"వదలొద్దు."

డాక్టరమ్మగారు పిల్ల నాడి పట్టుకుని కూర్చున్నారు. గుడ్డ మార్చారు, చూశారు. మళ్ళీ మార్చి చూశారు. రెండోది తెల్లగానే ఉంది. అప్పుడు ఆవిడ మోచేత్తో మొహం తుడుచుకుని, ఎవరితోనూ కాకుండా అన్నారు: "మొదట వచ్చినప్పుడున్న రక్తమే అయితే ఈ పిల్ల ఈపాటికి పోయుండేది."

తలుపు తీశారు. అత్త లోపలికి వచ్చి, మనవడిని చూడకుండా నేరుగా కోడలి దగ్గరకు పోయి, బుగ్గలు నిమిరింది. పిల్ల కళ్ళు తెరిచింది. పెదాలు కదిపింది. ఏదో అంటోంది. అందరం వంగాం.

"ఆకలేస్తాంది అత్తా. ఎండుసేపల పులుసెట్టి అన్నం పెట్టు."

నర్సమ్మ ముక్కున వేలేసుకుంది. "ఓలమ్మ! బాలింతరాలు ఈయాలే సేపలేటి, పత్యం పెట్టాల" అంది. అత్త డాక్టరమ్మగారి వైపు తిరిగింది. ఆ ముసలిదాని కళ్ళు మెరుస్తున్నాయి.

"అమ్మగోరూ, కోరినాది. నేదనకూడదు."

డాక్టరమ్మగారు నోరు తెరిచారు. ఏమనబోయారో మాకు తెలియలేదు. ఆవిడ అనేలోపే అత్త చీర కుచ్చెళ్ళు ఎగదోపుకుని గేటు దాటేసింది.